తంగేడు పువ్వు, మన చాళ్ల తెలుగు

మన చాళ్లల్ల పుట్టిన పిల్లలకు బతుకమ్మ తెలుసు, తంగేడు తెల్వది. బంతి, చామంతి దాదర్ పూల మార్కెట్‌ల దొరుకుతయి కాబట్టి వాటితోనే పేరుస్తున్నరు. తంగేడు పేరు మన నోట్ల నుంచి ఎందుకు పోవద్దో నాకు తెలిసిన మేరకు రాస్తున్న.

తంగేడును శాస్త్రంలో సెన్నా ఆరిక్యులేటా అంటరు. నీళ్లు పెట్టేటోళ్లు లేకున్నా బీడుల, గుట్టల మీద, చెరువు గట్ల మీద బతికే పొద ఇది. దీని బెరడుతో తోళ్లు శుద్ధి చేసేటోళ్లు. వానకాలం పోంగ పసుపుపచ్చగ విరబూస్తది, సరిగ్గా అప్పుడే బతుకమ్మ వస్తది. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు సిబ్బిల గునుగుతో పాటు తంగేడు ఉండాలె. కొనే పని లేదు, చేను గట్టుకు పోయి తెంపుకొచ్చుడే. పేదోని ఇంటి పండుగకు అందుకే ఇది ఆధారమైంది.

ఇగ మన కామాఠిపుర సంగతి. నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయిల కట్టడం పనులు చేసిన కామాఠీల పేరే ఈ పేటకు వచ్చింది. తర్వాత కరీంనగర్, నిజామాబాద్ దిక్కు నుంచి పద్మశాలీలు, ఇతర కులాలోళ్లు మిల్లుల పనికొచ్చి వర్లీ, పరేల్ చాళ్లల్ల కూడా ఉన్నరు. బయటోళ్లు కామాఠిపుర అనంగనే వేరే సంగతి అనుకుంటరు. ఉద్యోగంల చేరిన కొత్తల నేను చిరునామా చెప్తే ఎదుటి మనిషి ముఖం మారేది. మన యాస వింటే "ఇదేం తెలుగు?" అనేటోళ్లు కూడా ఉండిరి. అసుంటి చోట గల్లీ నడుమ బతుకమ్మ పెట్టి ఆడుడంటే మేమెవరమో నలుగురికి చెప్పుడే.

తెలంగాణ ఉద్యమంల ఇదే పని పెద్దగ జరిగింది. ఆడబిడ్డలు రోడ్ల మీద బతుకమ్మ ఆడి నిరసన తెలిపిండ్రు. అంతదాకా ఎగతాళైన యాస, పండుగ, పువ్వు కలిసి ఆత్మగౌరవానికి గుర్తైనయి. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చినంక బతుకమ్మ రాష్ట్ర పండుగ, తంగేడు రాష్ట్ర పుష్పం అయినయి. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది.

పువ్వుతో మాట కూడా నడుస్తది. బహువచనంల తంగేడు "తంగేళ్లు" అయితది.  మరాఠీల దీన్ని "తరవడ్" అంటరు. సోలాపూర్ దిక్కు నవరాత్రుల్ల ఘటానికి దీని మాల వేస్తరు. మనం మరాఠీ పేరు నేర్చుకుంటే తప్పు లేదు, మన పేరు మరిస్తేనే నష్టం.

ఇప్పుడు చాళ్లు కూలగొట్టి టవర్లు కడుతున్నరు. చాళీ ముంగట జాగ పోతే నలుగురు గుండ్రంగ తిరిగే చోటు పోతది, ఆ చోట పుట్టిన మాటలూ పోతయి. సిబ్బి, సద్దులు, గునుగు, మలీద, ఎంగిలిపూలు: వీటిల్ల ఎన్ని మీ పిల్లలకు తెలుసో ఒకసారి అడిగి చూడుండ్రి. ఈసారి ఊరి బస్సుల వచ్చేటోళ్లకు చెప్పి రెండు కొమ్మలన్న తంగేడు తెప్పియ్యుండ్రి. పిల్లల చేతికిచ్చి పేరు చెప్పుండ్రి. మీ ఇంట్ల పెద్దోళ్లు వాడే పూల పేర్లు ఉంటే రాసి పెట్టుండ్రి, వాళ్లు ఉన్నప్పుడే.