గృహనమూనా సాఫ్ట్‌వేర్‌లో గోడ-కప్పు సంధి: మంగంపేట ప్రాంతపు మిద్దె నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
కంప్యూటర్‌లో ఇంటి నమూనాను రూపొందించేటప్పుడు గోడకూ కప్పుకూ మధ్య తరచుగా ఖాళీలు కనిపిస్తాయి. వాటి కారణాలను, సరిదిద్దే పద్ధతులను వివరించడం, రాయలసీమ మిద్దె నమోదులో పాటించవలసిన జాగ్రత్తను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మిద్దె, గవాచి, దంతె, గృహనమూనా, వృత్తిపదజాలం.

1. ఉపోద్ఘాతం:
ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట ముగ్గురాయి గనులకు ప్రసిద్ధి. ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాలలో ఇదొకటి. ఈ ప్రాంతపు పల్లెలలో మట్టిమిద్దెల స్థానాన్ని కాంక్రీటు ఇళ్లు ఆక్రమిస్తున్నాయి. కూలిపోకముందే ఒక పాత మిద్దెను నమూనాగా భద్రపరచాలని మా విద్యార్థులు ప్రయత్నించినప్పుడు, గోడల పైఅంచున వెలుతురు చారలు కనిపించాయి. ఒక విద్యార్థి అక్కడ సన్నని పెట్టెలను అమర్చి వాటిని కప్పివేశాడు. చిత్రం బాగుపడింది, కానీ ఆ ఇంట్లో లేని భాగం ఒకటి నమోదులో చేరింది. ఈ వ్యాసానికి ఆ అనుభవమే ప్రేరణ.

2. ఖాళీకి కారణాలు:
ప్రధాన కారణాలు రెండు. మొదటిది, సాఫ్ట్‌వేర్‌లో గోడ తనకిచ్చిన ఎత్తు వద్దనే ఆగిపోతుంది. పైనున్న కప్పు వాలు దానికి తెలియదు. 6 మీటర్ల వెడల్పు గల ఇంటికి 30 డిగ్రీల రెండువాలుల కప్పు వేస్తే, పక్కగోడపైన నడుమ సుమారు 1.73 మీటర్ల ఎత్తున త్రికోణపు ఖాళీ మిగులుతుంది. రెండవది గోడ మందం. అదే వాలు కింద 23 సెంటీమీటర్ల గోడ వెలుపలి అంచును కప్పు తాకితే, లోపలి అంచు వద్ద సుమారు 13 సెంటీమీటర్ల సందు ఉంటుంది. 60 సెంటీమీటర్ల పాతకాలపు గోడకైతే అది 35 సెంటీమీటర్లకు చేరువవుతుంది.

3. సరిదిద్దే పద్ధతులు:
రెవిట్‌లో గోడను ఎంచుకొని ‘అటాచ్ టాప్/బేస్’ ఆదేశంతో కప్పును చూపితే, గోడ పైభాగం కప్పు అడుగుకు అనుగుణంగా మారుతుంది. ఉచితంగా లభించే స్వీట్ హోమ్ 3డీలో పక్కగోడను నడిమికి రెండుగా విభజించి, ప్రతి భాగానికీ ‘వాలుగోడ’ లక్షణం కింద మొదటి, చివరి ఎత్తులను వేరువేరుగా ఇవ్వాలి. అయితే ఈ వాలు గోడ పొడవు వెంబడి మాత్రమే పనిచేస్తుంది, మందానికి వర్తించదు. కాబట్టి మందం వల్ల కలిగే సందుకు రెండు మార్గాలున్నాయి. కప్పు తగినంత మందంగా ఉంటే, దాని అడుగు గోడ లోపలి అంచును తాకేవరకు దించవచ్చు. లేకపోతే గోడను వేర్వేరు ఎత్తులు గల రెండు సన్నని పొరలుగా గీయాలి.

4. మిద్దె ప్రత్యేకత:
మిద్దె కప్పు దాదాపు సమతలం. నీరు జారడానికి 60కి 1 వంతు వాలు ఉందనుకుంటే, 60 సెంటీమీటర్ల గోడ మీద తేడా 1 సెంటీమీటరే. కనుక మిద్దె నమూనాలో పెద్ద సందు కనిపించిందంటే తప్పు వాలులో కాక కొలతలో ఉన్నదని అనుమానించాలి. మిద్దెలో దూలాలు, వాటిపై దంతెలు, ఆపైన బండలు లేదా కట్టెలు, మట్టి, చౌడు వరుసగా ఉంటాయి. వీటన్నింటినీ ఒకే పలకగా గీసి, దూలం మందాన్ని లెక్కించకపోతే, గోడకూ పలకకూ నడుమ ఆ మేరకు ఖాళీ ఏర్పడుతుంది. దూలపు కొనలు గోడలో ఎంతవరకు దిగి ఉన్నాయో కొలిచి, పొరలను విడివిడిగా గీయడమే సరైన పరిష్కారం.

ప్రతి ఖాళీ దోషం కాదు. వెలుతురుకోసం, పొగ పోవడానికి కప్పులో ఉంచే గవాచి ఆ ఇంటి అవసరం. దానిని లోపమనుకొని పూడిస్తే నమూనా అబద్ధం చెబుతుంది.

5. పదజాల ప్రాధాన్యం:
నమూనాలో ప్రతి భాగానికీ పేరు పెట్టే వీలుంది. అక్కడ ‘ఆబ్జెక్ట్ 14’ అని వదిలేయక దూలం, దంతె, చౌడు, గవాచి అని రాస్తే, నమూనా సచిత్ర పదకోశంగానూ ఉపయోగపడుతుంది. బూదరాజు రాధాకృష్ణ సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వాస్తుపదాల సంపుటం ఇందుకు ఆధారం కాగలదు. ఆ పదాలను స్థానిక బేల్దార్లతో, ఇంటి పెద్దలతో సరిచూసుకోవడం పరిశోధకుని బాధ్యత.

6. ముగింపు:
గోడకూ కప్పుకూ మధ్య సందు కనిపించినప్పుడు అది వాలు వల్లనా, మందం వల్లనా, కొలత లోపం వల్లనా, ఇంటివారి అవసరం వల్లనా అని ముందుగా నిర్ణయించాలి. మొదటి మూడింటిని సరిదిద్దాలి. నాలుగవదానిని యథాతథంగా నమోదు చేయాలి. ఇల్లు కూలిన తరువాత సరిచూసుకోవడానికి గోడ ఉండదు, నమూనాయే మిగులుతుంది.