పాత కంప్యూటర్ స్లో అయిందా? కొత్తది కొనే ముందు ఈ పది నిమిషాల చెకప్ చేయండి

మీలో ఎక్కువమంది ఈ ఎపిసోడ్‌ని ఫోన్‌లోనే చూస్తుంటారు, నాకు తెలుసు. కానీ ఇంట్లో ఒక మూల పాత కంప్యూటరో, లాప్‌టాపో ఉండే ఉంటుంది. నాన్నగారు ఎప్పుడో కొన్నది, లేదంటే అక్క బీటెక్‌లో వాడి వదిలేసింది. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చేలోపు టీ పెట్టుకుని తాగేయొచ్చు. అందుకే అందరం ఫోన్‌తోనే లాగించేస్తాం. కానీ ఉద్యోగానికి అప్లికేషన్ నింపాలన్నా, ప్రాజెక్ట్ రిపోర్ట్ టైప్ చేయాలన్నా ఆ డబ్బానే గుర్తొస్తుంది. సరిగ్గా ఆ రోజే అది మొరాయిస్తుంది.

షాపుకి తీసుకెళితే సాధారణంగా రెండు మాటల్లో ఒకటి వినిపిస్తుంది. "పాతదైపోయింది బాబూ, కొత్తది తీసుకో" అంటారు, లేదంటే "ఫార్మాట్ కొట్టేద్దాం" అంటారు. మొదటి మాట వింటే వేలల్లో ఖర్చు. రెండో మాట ఆలోచించకుండా వింటే అందులో ఉన్న ఫ్యామిలీ ఫోటోలు, మార్కుల మెమోలు పోయే ప్రమాదం. అందుకని ఈరోజు నేను చెప్పేది ఒక్కటే విషయం. స్లో అవడం జ్వరం లాంటిది. జ్వరం దేనివల్ల వచ్చిందో తెలియకుండా మందు వేసుకోం కదా, ఇక్కడ కూడా అంతే. కారణం ఏంటో విండోసే మనకి చూపిస్తుంది, పైసా ఖర్చు లేదు.

ముందు ఒక చిన్న విషయం. మీరు రోజూ షట్‌డౌన్ చేస్తున్నారు కాబట్టి సిస్టమ్ రోజూ ఫ్రెష్‌గా మొదలవుతుంది అనుకుంటారు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు మన యాప్స్ మూతపడతాయి గానీ, విండోస్ లోపలి భాగం అలాగే డిస్క్‌లో సేవ్ అయిపోతుంది. మళ్ళీ ఆన్ చేస్తే అదే పాత స్థితి తిరిగి వస్తుంది. పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ కొట్టాలి. కాబట్టి మొదటి పని, ఒకసారి రీస్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఆగండి. చాలా చిన్న చిన్న ఇబ్బందులు ఇక్కడే పోతాయి.

ఇంకా స్లోగానే ఉందా? అయితే కీబోర్డ్ మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. విండోస్ 10లో చిన్న విండో వస్తే కింద మోర్ డీటెయిల్స్ అని ఉంటుంది, దాన్ని నొక్కండి. పైన సీపీయూ, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ అని వరుసగా పర్సెంటేజీలు కనిపిస్తాయి. ఒక రెండు నిమిషాలు ఊరికే చూస్తూ ఉండండి. ఏది ఎప్పుడూ 90 దాటి నిలబడుతోందో అదే మన అనుమానితుడు. ఆ పేరు మీద క్లిక్ చేస్తే, దాన్ని ఎక్కువ తినేస్తున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది.

ఇప్పుడు ఒక్కోటీ చూద్దాం. సిస్టమ్ ఆన్ అవగానే స్లోగా ఉండి, పావుగంట తర్వాత కాస్త నయం అనిపిస్తే, స్టార్టప్‌లో ఎక్కువ యాప్స్ ఉన్నట్టు. అదే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ ఉంది. మ్యూజిక్ యాప్, గేమ్ లాంచర్, మీటింగ్ యాప్, ఎప్పుడో తీసేసిన ప్రింటర్ తాలూకు సాఫ్ట్‌వేర్, అన్నీ అక్కడ క్యూ కట్టి ఉంటాయి. అక్కర్లేని వాటి మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ కొట్టండి. భయపడకండి, యాప్ ఎక్కడికీ పోదు. మీరు తెరిచినప్పుడు తెరుచుకుంటుంది, తనంతట తాను లేవదు, అంతే. యాంటీవైరస్ మాత్రం ముట్టుకోవద్దు. పేరు చూసి అదేంటో అర్థం కాకపోతే దాన్ని కూడా వదిలేయండి.

మెమరీ ఎప్పుడూ 90 పైనే ఉంటే? ర్యామ్ అంటే మీరు చదువుకునే టేబుల్ అనుకోండి, డిస్క్ అంటే బీరువా. టేబుల్ చిన్నదైతే ప్రతి పుస్తకానికీ లేచి బీరువా దగ్గరికి వెళ్ళాలి. 4 జీబీ ర్యామ్‌తో పాతిక ట్యాబులు తెరిస్తే జరిగేది ఇదే. ముందు బ్రౌజర్‌లో అక్కర్లేని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ అనే చోట మెమరీ సేవర్ ఆన్ చేయండి. అప్పటికీ చాలకపోతే ర్యామ్ పెంచడమే దారి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్, అందులో మెమరీ తెరిస్తే స్లాట్స్ యూజ్డ్ అని ఉంటుంది. 2లో 1 అని ఉంటే ఇంకో స్లాట్ ఖాళీగా ఉందన్నమాట. ఈ ముక్క తెలుసుకుని షాపుకి వెళితే మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. కొన్ని పల్చటి లాప్‌టాపుల్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడం కుదరదు. మోడల్ నంబర్‌తో ఒకసారి చూసుకోండి.

ఇక అసలు కథ డిస్క్‌ది. మీరేమీ చేయకపోయినా డిస్క్ 100 దగ్గర నిలబడిపోతోందా? పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ కింద హెచ్‌డీడీ అని ఉందో ఎస్‌ఎస్‌డీ అని ఉందో చూడండి. హెచ్‌డీడీ అంటే లోపల నిజంగానే ఒక పళ్ళెం తిరుగుతూ ఉంటుంది, నిమిషానికి 5400 లేదా 7200 సార్లు. దాని మీద ఒక చిన్న ముల్లు అటూ ఇటూ కదిలి డేటా వెతుకుతుంది. ఒక్కో వెతుకులాటకి సుమారు 10 మిల్లీసెకన్లు. తక్కువే కదా అనిపిస్తుంది, కానీ విండోస్ మొదలయ్యేటప్పుడు అలాంటివి వేలల్లో ఉంటాయి. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగం ఏదీ లేదు. అదే పని అందులో మిల్లీసెకనులో పదో వంతుకి అయిపోతుంది. పాత కంప్యూటర్‌లో ఏదో ఒక్క దానికే డబ్బులు పెట్టగలం అంటే, నేను హెచ్‌డీడీ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించమనే చెబుతాను. చాలా పాత లాప్‌టాపుల్లో హెచ్‌డీడీ ఉన్న చోటే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. డిస్క్ మార్చినంత మాత్రాన విండోస్ లైసెన్స్ పోదు, మామూలుగా అది మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. తీసిన పాత డిస్క్‌ని షాపులో వదిలేయకండి. మీ ఫోటోలు, ఆధార్ కాపీలు అన్నీ అందులోనే ఉన్నాయి. దానికి ఒక యూఎస్‌బీ కేసు వేస్తే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లా వాడుకోవచ్చు.

ఒక హెచ్చరిక. హెచ్‌డీడీ నుంచి టిక్ టిక్ మని చప్పుడు వస్తున్నా, ఫైల్స్ కాపీ అవుతూ మధ్యలో ఆగిపోతున్నా, స్పీడ్ సంగతి పక్కన పెట్టండి. అది చివరి రోజుల్లో ఉండి ఉండొచ్చు. ముందు ముఖ్యమైనవి వేరే చోటికి కాపీ చేయండి. అసలు ఏ కంప్యూటర్‌లో అయినా, పోతే మళ్ళీ రావు అనుకున్న ఫైల్స్ రెండు చోట్ల ఉండాలి.

సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయిందా? సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్. అక్కడ టిక్ పెట్టి రిమూవ్ కొట్టడమే. కానీ జాగ్రత్త, ఆ లిస్టులో డౌన్‌లోడ్స్ అనేది కూడా ఉంటుంది. మనలో చాలామంది హాల్‌టికెట్లు, సర్టిఫికెట్లు అన్నీ డౌన్‌లోడ్స్‌లోనే వదిలేస్తాం. దాని మీద టిక్ పెడితే అవన్నీ పోతాయి. లోపల ఏమున్నాయో చూడకుండా దాన్ని ముట్టుకోవద్దు.

సీపీయూ 100 దగ్గర ఉండి, ఫ్యాన్ గట్టిగా అరుస్తుంటే వేడి కూడా కారణం కావచ్చు. వేడి ఎక్కువైతే ప్రాసెసర్ తన స్పీడ్ తానే తగ్గించుకుంటుంది. లాప్‌టాప్‌ని పరుపు మీద, దిండు మీద పెట్టకండి, గాలి వెళ్ళే దారి మూసుకుపోతుంది. రెండు మూడేళ్ళుగా దుమ్ము దులపకపోతే ఒకసారి క్లీన్ చేయించండి.

చేయకూడనివి కూడా చెప్పాలి. ఒక్క క్లిక్‌తో పది రెట్లు స్పీడ్ అనే సాఫ్ట్‌వేర్లు, రిజిస్ట్రీ క్లీనర్లు వద్దు. వాటివల్ల స్పీడ్ రాదు సరికదా, రిజిస్ట్రీలో అవసరమైనది పోతే విండోస్ తెరుచుకోకపోవచ్చు. స్క్రీన్ మూలన "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అని పదే పదే వస్తుంటే, చాలాసార్లు అది మీరు ఎప్పుడో అలో కొట్టిన వెబ్‌సైట్ నోటిఫికేషన్. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కి వెళ్ళి ఆ సైట్‌ని తీసేయండి. అందులో ఫోన్ నంబర్ ఇస్తే మాత్రం అస్సలు కాల్ చేయొద్దు.

చివరిగా ఒక మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీది విండోస్ 11కి పనికొస్తుందో లేదో పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ యాప్ ఉచితంగా చెబుతుంది. ముఖ్యంగా టీపీఎమ్ 2.0, దానికి తగ్గ ప్రాసెసర్ ఉండాలి. డబ్బులు ఖర్చు పెట్టే ముందే ఇది చూసుకోండి. పనికిరాదని తేలితే, బ్రౌజింగ్‌కీ టైపింగ్‌కీ లినక్స్ మింట్ లాంటిది ఉచితంగా వేసుకోవచ్చు. సెక్యూరిటీ అప్‌డేట్లు రాని విండోస్‌లో బ్యాంకు పనులు మాత్రం చేయకండి.

అన్నీ చూశాక కూడా కొత్తదే కొనాలి అని తేలొచ్చు, తప్పేం లేదు. కానీ అప్పుడు మీరు ఎందుకు కొంటున్నారో మీకు తెలిసి కొంటారు. ఈ ఆదివారం ఇంట్లో ఆ పాత డబ్బా మీద దుమ్ము తుడిచి, ముందు టాస్క్ మేనేజర్ తెరవండి. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను అండీ, నమస్తే.