గింజకన్నా ముందు మన్ను

తొలకరి పడగానే మనలో చాలామందికి విత్తనాల పొట్లాలు గుర్తొస్తాయి. మట్టి సంగతి మాత్రం గుర్తురాదు. వచ్చిన మొలకలు కాస్తా పాలిపోతే "మన చెయ్యి మంచిది కాదులే" అని సరిపెట్టుకుంటాం. తప్పంతా మన్నుదేనండీ!

కొత్త కాలనీల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకి ఈ బాధ మరీ ఎక్కువ. గుంటూరులో మా పెరడూ అంతే. పైకి నల్లరేగడి. పలుగు వేస్తే ఖంగుమని ఇటుకముక్కలు, సిమెంటు పెచ్చులు. "గచ్చు చేయించెయ్యండమ్మా, శుభ్రంగా ఉంటుంది" అన్నాడు మేస్త్రి. "కూరలు బజార్లో దొరకవా?" అన్నారు మావారు. ఉన్న కాస్త నేలా కప్పేస్తే వాననీరు ఇంకేదెక్కడ? పిల్లలు గింజ మొలకెత్తడం చూసేదెక్కడ? అందుకే పట్టుబట్టాను.

రోజుకి ఆరు గంటలైనా ఎండ తగిలే చోటు చూసుకోండి. మొదటి మడికి 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు చాలు. ఇంకా వెడల్పైతే చెయ్యి అందక మడిలో కాలు పెట్టాల్సొస్తుంది. తొక్కిన మన్ను గట్టిపడి వేళ్లకి గాలాడదు.

రేగడి ఎండలో రాయి, వానలో జిగురు. అందుకని తడిపి రెండుమూడు రోజులాగి, గుప్పెడు మన్ను పిసికి చూడండి. ముద్దయి, వేలితో పొడవగానే పొడిపొడిగా విడిపోతే తవ్వడానికి అదే అదను. అడుగు లోతు తవ్వి పెచ్చులన్నీ ఏరెయ్యాలి. సున్నం, సిమెంటు మిగిలితే మన్నులో క్షారగుణం పెరుగుతుంది. మొక్కకి ఇనుము సరిగా అందక లేతాకులు పసుపెక్కుతాయి. మా మడిలో ఏడు తట్టల పెచ్చులు తేలాయి!

మే నెల ఎండల్లోనే ఈ పని చేసి, మన్నుని వారం రోజులు ఎండనిస్తే గడ్డివేళ్లు, పురుగులు చాలావరకు పోతాయి. తర్వాత చివికిన పశువుల ఎరువు రెండంగుళాల మందాన పరిచి, పావుకిలో వేపపిండి చల్లి కలిపెయ్యండి. పచ్చిపేడ వద్దు, వేరుపురుగు చేరుతుంది. బాగా చివికిన ఎరువుకి పేడవాసన ఉండదు, అదే గుర్తు.

మడిని అరడుగు ఎత్తు చెయ్యండి. రేగడిలో నీరు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి. పదిహేను రోజులు తడుపుతూ మాగనివ్వండి. ముందు తోటకూర, గోంగూర, ఓ అంచున గోరుచిక్కుడు వేసుకోవచ్చు. గోరుచిక్కుడు వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి. కాపయ్యాక మొక్కని పీకకుండా మొదలుకి కోసి, వేళ్లు మన్నులోనే వదలండి.

ఈ నెల రోజులూ మడిలో ఒక్క ఆకైనా కనపడదు. "ఇంకా మట్టే తవ్వుతున్నారా?" అని ఇరుగుపొరుగు నవ్వుతారు. నవ్వనివ్వండి. తడిమన్నులో తొలి వానపాము కనపడ్డ రోజున గింజల పొట్లం విప్పండి.