భాగం - 7: తెలియని నగరంలో రెండు రోజులు – దంపతుల వారాంతపు యాత్రకు ప్రణాళిక

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• వారాంతపు యాత్రలో నిజంగా చేతికి దొరికే సమయాన్ని లెక్క కట్టగలుగుతారు.
• ఇద్దరి కోరికలను పోల్చి చూసి, వేటిని ఉంచుకోవాలో వేటిని వదులుకోవాలో నిర్ణయించగలుగుతారు.
• టికెట్లు, బస, ఖర్చు, పనుల పంపకం – వీటిని ఏ క్రమంలో చూసుకోవాలో వివరించగలుగుతారు.
• ఇంతకుముందు చూడని ఒక నగరానికి రెండు రోజుల కార్యక్రమాన్ని సొంతంగా తయారు చేయగలుగుతారు.

7.1 పరిచయం

బృంద యాత్రలో నిర్ణయాలు నిర్వాహకుడివి. బస్సు ఎప్పుడు ఆగాలి, ఎక్కడ భోజనం చేయాలి, ఏది చూడకుండా ముందుకు సాగాలి అన్నవి అతడే తేలుస్తాడు. నచ్చకపోతే అందరూ కలిసి అతడినే తిట్టుకుంటారు. దంపతులిద్దరే వెళ్లే యాత్రలో అలాంటి మూడో మనిషి ఉండడు. ప్రతి నిర్ణయం ఇద్దరి మధ్యే జరగాలి. అందుకే ఇద్దరి యాత్ర చిన్నదే అయినా దాని ప్రణాళిక తేలిక కాదు.

మన మధ్యతరగతి ఇళ్లలో ఇద్దరే కలిసి ఊరు వెళ్లే అవకాశం తరచుగా రాదు. పిల్లలను అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో ఉంచాలి. ఇద్దరికీ ఒకేసారి సెలవు కుదరాలి. కొన్ని నెలలు కొంత డబ్బు పక్కన పెట్టాలి. ఇంత కష్టపడి సంపాదించుకున్న రెండు రోజులు ఆటోవాళ్లతో బేరాలలోనూ, మూసిన గేట్ల ముందూ, 'నువ్వే ఇక్కడికి అన్నావు' అనే మాటలలోనూ పోతే మళ్లీ అలాంటి అవకాశం ఎప్పుడొస్తుందో తెలియదు. ప్రణాళిక అవసరం ఇక్కడే ఉంది.

ఈ భాగంలో ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా తీసుకుందాం. హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే భార్యాభర్తలు ఇద్దరూ ఎన్నడూ చూడని మైసూరుకు వెళ్లాలనుకున్నారు. శుక్రవారం సాయంత్రం బయలుదేరాలి, సోమవారం ఉదయానికి తిరిగి పనిలో ఉండాలి.

7.2 మొదట సమయం లెక్క

చాలామంది ప్రణాళికను చూడవలసిన ప్రదేశాల జాబితాతో మొదలుపెడతారు. వారాంతపు యాత్రకు ఇది తలకిందుల పద్ధతి. ఇక్కడ కొరతగా ఉండేది ప్రదేశాలు కాదు, గంటలు. కాబట్టి ముందు గంటలు లెక్కపెట్టాలి.

కాచిగూడలో సాయంత్రం బయలుదేరి బెంగళూరు మీదుగా వెళ్లే రైలు మరునాడు ఉదయం మైసూరు చేరుతుంది. తిరుగు రైలు మధ్యాహ్నం మైసూరులో బయలుదేరి మరునాడు తెల్లవారుజామున కాచిగూడ చేరుతుంది. కచ్చితమైన సమయాలను ప్రయాణానికి ముందు రైల్వే కాలపట్టికలో చూసుకోవాలి. లెక్క సులువు కోసం శనివారం ఉదయం 10 గంటలకు చేరి, ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకు బయలుదేరుతున్నామని అనుకుందాం. అంటే నగరంలో ఉండేది 29 గంటలు. ఇందులోంచి తీసివేయవలసినవి:

నిద్ర – 8 గంటలు
గది చేరడం, స్నానం, సామాను సర్దడం – 3 గంటలు
నాలుగు పూటల తిండి – 4 గంటలు
నగరంలో అటూ ఇటూ తిరగడం, వాహనాల కోసం ఎదురుచూడటం – 3 గంటలు
స్టేషనుకు ముందుగా చేరడం – 1 గంట

మొత్తం 19 గంటలు. మిగిలేవి 10 గంటలు. 'రెండు రోజుల యాత్ర' అని మనం చెప్పుకొనేదానిలో చూడటానికి దొరికేది ఇంతే. ఈ అంకె కాగితం మీద కనిపించిన తరవాతే ప్రదేశాల గురించి మాట్లాడుకోవాలి.

7.3 ఇద్దరి కోరికలు – విడివిడి జాబితాలు

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే జాబితా రాస్తే, గొంతు పెద్దదైన వారి జాబితాయే మిగులుతుంది. రెండో వారు 'మీ ఇష్టం' అంటారు. 'మీ ఇష్టం' అనే మాట ఒప్పుకోలు కాకపోవచ్చు. చాలాసార్లు అది వాయిదా వేసిన అసంతృప్తి. అందువల్ల ఇద్దరూ విడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా, మూడేసి కోరికలను ప్రాధాన్య క్రమంలో రాయాలి.

మన ఉదాహరణలో భార్య రాసినవి: రాజభవనం, అక్కడి రాత్రి దీపాలు, చాముండి కొండ, శ్రీరంగపట్నం. భర్త రాసినవి: పాత సినిమా పాటల్లో చూసిన బృందావన్ ఉద్యానవనం; రాజభవనం; జంతు ప్రదర్శనశాల. వీటికి తోడు దారిలో చూద్దామనుకున్నవి దేవరాజ మార్కెట్, జగన్మోహన్ భవనంలోని చిత్రశాల. ఒక్కొక్కదానికి పట్టే కాలాన్ని అంచనా వేస్తే ఇలా వస్తుంది:

రాజభవనం – 2 గంటలు
రాత్రి ధ్వని-కాంతి ప్రదర్శన – 1 గంట
చాముండి కొండ – 2½ గంటలు
జంతు ప్రదర్శనశాల – 2½ గంటలు
దేవరాజ మార్కెట్ – 1 గంట
జగన్మోహన్ భవనం – 1 గంట
బృందావన్ ఉద్యానవనం (రానుపోను కలిపి) – 4 గంటలు
శ్రీరంగపట్నం (రానుపోను కలిపి) – 4 గంటలు

మొత్తం 18 గంటలు. మన దగ్గర ఉన్నవి 10. అంటే దాదాపు సగం వదులుకోవాలి. అన్నీ చూసేద్దామని పరుగులు పెట్టేవారు కూడా కొన్నిటిని వదిలేస్తారు. కాకపోతే ఏది వదలాలో వాళ్లు నిర్ణయించరు, ట్రాఫిక్కు, అలసట నిర్ణయిస్తాయి.

7.4 ఢీకొనే సమయాలను గుర్తించడం

జాబితాలో కొన్నిటికి నిర్ణీత రోజు, నిర్ణీత గంట ఉంటాయి. వాటిని ముందుగా వేరు చేయాలి. మైసూరు రాజభవనం దీనికి మంచి ఉదాహరణ. పాత కొయ్య భవనం 1897లో అగ్నిప్రమాదంలో కాలిపోయాక, హెన్రీ ఇర్విన్ రూపకల్పనలో ఇప్పటి భవనం 1912 నాటికి పూర్తయింది. దాదాపు లక్ష బల్బులతో దీన్ని వెలిగించేది ఆదివారాలలో, ప్రభుత్వ సెలవు దినాలలో, దసరా ఉత్సవాల రోజులలో, అదీ సాయంత్రం 7 గంటల ప్రాంతంలో కొద్దిసేపు. మన దంపతులు ఆదివారం మధ్యాహ్నమే రైలెక్కుతారు. అంటే ఏ దీపాల కోసం వెళ్తున్నారో అవి వెలగడానికి నాలుగు గంటల ముందే ఊరు దాటిపోతారు. ఇది టికెట్లు కొన్న తరవాత తెలిస్తే చేసేదేమీ ఉండదు.

దీనికి మూడు పరిష్కారాలున్నాయి. ఒకటి, సోమవారం సెలవు పెట్టడం. రెండు, శనివారం ప్రభుత్వ సెలవు వచ్చే వారాన్ని ఎంచుకోవడం. మూడు, శనివారం జరిగే ధ్వని-కాంతి ప్రదర్శనకు వెళ్లడం. దాని చివర కొన్ని నిమిషాలపాటు భవనాన్ని వెలిగిస్తారు. మన దంపతులకు సెలవు లేదు కాబట్టి మూడోది ఎంచుకున్నారు.

వెంటనే ఇంకో చిక్కు వచ్చింది. కృష్ణరాజసాగర్ ఆనకట్ట కింద ఉన్న బృందావన్ ఉద్యానవనం నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరం. అక్కడి సంగీత ఫౌంటెన్ కూడా సాయంత్రం వేళే. ఒకే సాయంత్రం రెండూ కుదరవు. ఒకరి మొదటి కోరిక, ఇంకొకరి మొదటి కోరిక ఇక్కడ ఎదురెదురుగా నిలబడ్డాయి.

ఇలాంటి చోట 'ఎవరిది గెలవాలి' అని కాక 'ఎవరు దేన్ని వదులుకుంటే సమతూకం కుదురుతుంది' అని అడగాలి. రాజభవనం ఇద్దరి జాబితాలోనూ ఉంది. కాబట్టి అది ఉంటుంది. భర్త బృందావనాన్ని వదులుకుంటే, భార్య శ్రీరంగపట్నాన్ని వదులుకుంటుంది. రెండూ నాలుగేసి గంటలే. బదులుగా ఆమెకు కొండ, అతనికి జంతు ప్రదర్శనశాల దక్కుతాయి. శ్రీరంగపట్నం పూర్తిగా పోలేదు కూడా. 1799లో టిప్పు సుల్తాను మరణించిన ఆ కావేరి ద్వీపం మీదుగానే బెంగళూరు రైలు వెళ్తుంది. కిటికీ పక్క సీటు ఆమెకు ఇస్తే సరి.

7.5 కార్యక్రమం

మిగిలిన వాటిని దిక్కుల వారీగా కలపాలి. రాజభవనం, దేవరాజ మార్కెట్ నగరం నడిబొడ్డున దగ్గరదగ్గరగా ఉన్నాయి. జంతు ప్రదర్శనశాల కొండ వైపు ఉంది. అందువల్ల కార్యక్రమం ఇలా కుదురుతుంది.

శనివారం: గది, స్నానం, భోజనం. మధ్యాహ్నం రాజభవనం లోపలి భాగం. సాయంత్రం దాకా విశ్రాంతి. తరవాత మార్కెట్టులో పూలు, అగరుబత్తీలు, అంగట్లో మైసూరు పాక్. ఏడు గంటలకు ప్రదర్శన.

ఆదివారం: తెల్లవారగానే చాముండి కొండ. పైకి బస్సులో వెళ్లి, ఓపిక ఉంటే మెట్ల మీదుగా దిగుతూ మధ్యలో ఉన్న ఏకశిలా నందిని చూడవచ్చు. మెట్లు సుమారు వెయ్యి. మోకాళ్ల నొప్పి ఉన్నవారు దిగడం కూడా మానుకోవాలి. ఫలహారం అయ్యాక గది ఖాళీ చేసి, సామాను హోటల్ కౌంటరులో అప్పగించి జంతు ప్రదర్శనశాలకు వెళ్లాలి. దానికి వారపు సెలవు మంగళవారం కాబట్టి ఆదివారం ఇబ్బంది లేదు. భోజనం, సామాను, స్టేషను.

ఈ కార్యక్రమానికి పట్టేవి 9 గంటలు. ఒక గంట మిగిలింది. దాన్ని నింపకూడదు. వాన పడినా, క్యూ పెరిగినా, లేదా ఒక కాఫీ హోటల్లో కబుర్లు సాగినా ఆ గంటే ఆదుకుంటుంది. ఇద్దరూ వచ్చింది కలిసి కూర్చోవడానికే అయితే, ఆ గంటే యాత్రలో ముఖ్యమైనది కావచ్చు.

7.6 టికెట్లు, బస, ఖర్చు

రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషను గడువు 2024 నవంబరు 1 నుంచి 60 రోజులు. అంతకుముందు 120 రోజులుండేది. శుక్రవారం సాయంత్రం బెర్తులు త్వరగా నిండుతాయి కాబట్టి వెళ్లే టికెట్టు, తిరుగు టికెట్టు రెండూ ఖాయమైన తరవాతే గదికి డబ్బు కట్టాలి. ఆన్‌లైనులో కొన్న టికెట్టు చార్టు తయారయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్ లిస్టులోనే ఉంటే దానంతటదే రద్దవుతుంది. దానితో రైలెక్కరాదు.

గది విషయంలో నాలుగు ప్రశ్నలు ఫోనులో అడగాలి. ఉదయం 10 గంటలకే గది ఇస్తారా? ఖాళీ చేయవలసిన గంట ఎప్పుడు? పన్నులతో కలిపి ధర ఎంత? రద్దు చేసుకుంటే ఎంత వెనక్కి వస్తుంది? ఊరి చివర చవకగా దొరికే గది తరచుగా చవక కాదు. మిగిలిన తేడా ఆటోలకు పోతుంది, దానితోపాటు రెండు గంటలూ పోతాయి. హోటల్లో పెద్దవారిద్దరి గుర్తింపు కార్డులూ అడుగుతారు. కాబట్టి ఎవరి కార్డు వారి దగ్గర ఉండాలి.

ఖర్చును మూడు భాగాలుగా రాయండి. ఉదాహరణకు 15,000 రూపాయలు అనుకుంటే, ప్రయాణం, బస వంటి స్థిర ఖర్చులకు 9,500, తిండి, ఆటోలు, ప్రవేశ రుసుములు, చిన్న కొనుగోళ్లకు 4,000, అత్యవసరానికి 1,500. చివరి మొత్తం ముట్టుకోకుండా తిరిగి వస్తే అదే తరవాతి యాత్రకు మొదటి పెట్టుబడి.

ఒక సూచన. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం ఉంది. కర్ణాటకలోనూ అలాంటి పథకం ఉంది కాని, అది ఆ రాష్ట్ర మహిళలకే. అక్కడ టికెట్టు తీసుకోవాలి.

7.7 భాష

తెలియని నగరం అంటే తెలియని భాష అన్న జంకు ఉంటుంది. కన్నడ విషయంలో తెలుగువారికి ఆ జంకు సగమే. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి విడిపోయినవి. కాసేపు ఓపికగా చూస్తే బస్సు బోర్డులు చదవగలుగుతారు. 'ఎల్లి' అంటే ఎక్కడ, 'ఎష్టు' అంటే ఎంత, 'బేకు' కావాలి, 'బేడ' వద్దు, 'సాకు' చాలు. ఈ అయిదు మాటలతో రెండు రోజులు గడుస్తాయి. కొన్ని మాటలు మాత్రం తికమక పెడతాయి. అక్కడ 'తిండి' అంటే సాధారణంగా ఉదయపు ఫలహారం. మధ్యాహ్న భోజనం 'ఊట'. మైసూరుకు తెలుగుతో పాత చుట్టరికమే ఉంది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అక్కడి మహారాజా కళాశాలలో దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు బోధించారు.

7.8 పనుల పంపకం

యాత్ర ఇద్దరిదైనా, దాని పని ఒకరిదే కావడం మన ఇళ్లలో మామూలు. పులిహోర కలపడం, బట్టలు సర్దడం, మందులు గుర్తుపెట్టుకోవడం, పిల్లలకు మూడు రోజుల ఏర్పాట్లు చేయడం, తిరిగొచ్చాక మాసిన బట్టలు ఉతకడం – ఇవన్నీ భార్య మీద పడితే ఆమెకు అది సెలవు కాదు, చోటు మారిన చాకిరి. అందువల్ల ప్రణాళికా పత్రంలో ప్రతి పని పక్కన ఒక పేరు రాయాలి. ప్రయాణానికి ముందు పనులు, యాత్రలోని పనులు, తిరిగి వచ్చాక పనులు – మూడు వరుసలలోనూ ఇద్దరి పేర్లూ కనిపించాలి. డబ్బు, టికెట్లు ఒకరి ఫోనులోనే ఉండకూడదు. హోటలు చిరునామా, రైలు వివరాలు ఇంట్లో ఒకరికి ఇచ్చి వెళ్లాలి.

7.9 మీ ప్రగతిని సరిచూసుకోండి

గమనిక: జవాబులను కింద ఇచ్చిన ఖాళీలో రాసి, పై విభాగాలతో సరిపోల్చుకోండి.

1. 29 గంటల బసలో చూడటానికి 10 గంటలే ఎందుకు మిగిలాయి?
2. కోరికల జాబితాలను విడివిడిగా ఎందుకు రాయాలి?

7.10 సారాంశం

వారాంతపు యాత్రలో కొరత సమయానిదే. కాబట్టి ముందు గంటలు, తరవాత కోరికలు, ఆ తరవాత ప్రదేశాలు చూడాలి. నిర్ణీత సమయం ఉన్న అంశాలను టికెట్లు కొనకముందే గుర్తించాలి. వదులుకోవడం ఇద్దరికీ సమానంగా ఉండాలి, పని కూడా సమానంగా ఉండాలి. కొంత సమయం, కొంత డబ్బు ఖాళీగా ఉంచాలి. నగరం ఏదైనా ఈ క్రమం మారదు.

7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

అ) కింది వాటికి 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. దంపతుల వారాంతపు యాత్రకు ప్రణాళిక తయారు చేసే క్రమాన్ని మైసూరు ఉదాహరణతో వివరించండి.
2. మీరు ఇంతవరకు చూడని ఒక నగరాన్ని ఎంచుకొని, సమయం లెక్కతో సహా రెండు రోజుల కార్యక్రమాన్ని తయారు చేయండి.

ఆ) కింది వాటికి 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. ఢీకొనే సమయాలు అంటే ఏమిటి? ఒక ఉదాహరణ ఇవ్వండి.
2. యాత్రలో పనుల పంపకం ఎందుకు అవసరం?