గోడలో కారుతున్నది మన దినారే!

శుక్రవారం మధ్యాహ్నం మహబూలాలో మా ఫ్లాట్‌కి వస్తే ఒక చిత్రం కనిపిస్తుంది. ఏడెనిమిది మంది మనవాళ్లు అన్నాలు తిని, చేతులు కడుక్కుని, ఫోన్లు పట్టుకుని వరసగా కూర్చుంటారు. చూసేది సినిమా కాదు, క్రికెట్టూ కాదు. ఒకరి ఫోన్‌లో బాత్‌రూమ్ గోడ, ఇంకొకరి ఫోన్‌లో చెమ్మ పట్టిన స్లాబు, మరొకరి ఫోన్‌లో చుక్కచుక్కగా కారే కుళాయి. అన్నీ ఊళ్లోని సొంత ఇళ్లే. ఊరి నుంచి వీడియో వస్తుంది, అది నా ముందుకొస్తుంది. "అన్నా, నువ్వు సైట్‌లో సూపర్‌వైజర్‌వి కదా, ఇది ఏందో చూడు!"

నేను చదివింది సివిల్ డిప్లొమా. కువైట్‌లో కట్టడాల పనిలో ఏళ్ల తరబడి ఉన్నాను. ఊరు రాజంపేట పక్కన. అలా మా బిల్డింగ్‌లో నాకు 'ఫోన్ ప్లంబర్' అని పేరు పడిపోయింది. పేరు పడ్డాక తప్పుతుందా, చూసి చెబుతాను. కానీ చెప్పే ముందు నా సొంత ఇంటి కథ ఒకటి ఉంది. అది చెప్పకుండా సలహాలు ఇస్తే అన్యాయం.

నీళ్లు తయారయ్యే దేశంలో...

కువైట్‌లో నది లేదు. ఒకప్పుడు షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో మంచినీళ్లు తెచ్చుకున్న దేశం ఇది. 1953లో షువైఖ్‌లో సముద్రపు నీళ్లని మంచినీళ్లుగా మార్చే పెద్ద ప్లాంటు మొదలైంది. ఇప్పుడు మన కుళాయిలో వచ్చేది ప్రధానంగా అలా తయారైన నీళ్లే, కొంచెం భూగర్భజలం కలిపి పంపుతారు. ఊరి నుంచి ఎవరొచ్చినా ఫొటో దిగే కువైట్ టవర్స్ ఉన్నాయి చూశారా, 1979లో ప్రారంభమైన ఆ నీలం గోళాల్లో నిలవ ఉండేదీ నీళ్లే. నీళ్లంటే ఇక్కడ అంత విలువ.

అందుకే పెద్ద సైట్లలో పైపు పని విషయంలో పట్టు ఎక్కువ. గోడలో పైపు వేశాక వెంటనే ప్లాస్టరింగ్ చేయనివ్వరు. లైన్‌లో నీళ్లు నింపాలి, గాలి తీసేయాలి, చేతిపంపుతో ప్రెషర్ ఎక్కించాలి. మామూలుగా వాడే ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు ఎక్కించి అలాగే వదిలేయాలి. గేజ్‌లో ముల్లు దిగకూడదు. కన్సల్టెంట్ ఇంజినీర్ వచ్చి చూసి సంతకం పెడితేనే ఆ గోడ మూయాలి. ముల్లు కొంచెం దిగిందా, మళ్లీ మొదటికి! ఆ కాగితాల మీద సంతకాల కోసం నేను ఎంతమంది ఇంజినీర్ల వెనక తిరిగానో లెక్కలేదు.

ఇంత తెలిసినవాణ్ణి, సొంత ఇంటికి ఏం చేశాను?

"వేసేయ్ మామా!"

2018లో ఊళ్లో ఇల్లు మొదలుపెట్టాం. పనంతా ఫోన్లోనే. నాన్న దగ్గరుండి చూసేవాడు, డబ్బులు నేను పంపేవాణ్ణి. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టారు. నాకు దొరికిన సెలవు నలభై ఐదు రోజులు. సెలవుకి, ముహూర్తానికి మధ్య పని ఇరుక్కుపోయింది. ఒకరోజు సైట్‌లో ఉండగా మేస్త్రీ ఫోన్ చేశాడు. వరసకి నాకు మామ అవుతాడు.

"అల్లుడూ, బాత్‌రూమ్ పైపులు అయిపోయినాయి. ప్లంబర్ మళ్లీ వచ్చి ఏందో చూచ్చానంటాడు. ఆయప్ప కోసం ఆగాలంటే నాలుగు రోజులు పడతాది. టైల్స్ వేసేదా?"

ఆ రోజు మా సైట్‌లో ప్రెషర్ టెస్ట్ జరుగుతోంది. నేను గేజ్ పక్కనే నిలబడి ఉన్నాను. అక్కడ నిలబడే "వేసేయ్ మామా" అన్నాను! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

గృహప్రవేశం ఘనంగా జరిగింది. పాలు పొంగించాం. నేను తిరిగి మహబూలా వచ్చేశాను. ఎనిమిది నెలలకి అమ్మ ఫోన్. "నాయనా, దేవుడి గది గోడ చెమ్మ పడతాంది. సున్నం పెచ్చులు పెచ్చులుగా రాల్తాంది." ఆ గోడకి అవతల బాత్‌రూమ్. సంగతి నాకు అప్పుడే అర్థమైంది. కానీ నమ్మాలనిపించలేదు.

మొదట పెయింటర్‌ని పిలిచారు. చెమ్మ ఆపే రంగు అని ఏదో వేశాడు, రెండు నెలలు ఆగింది, మళ్లీ ఉబ్బింది. తరవాత ఎవరో కమోడ్ దగ్గర లీకు అన్నారు. దాన్ని ఊడదీసి మళ్లీ బిగించారు. డబ్బులు పోయాయి, చెమ్మ పోలేదు. చివరికి బాత్‌రూమ్ గోడ టైల్స్ పగలగొట్టారు. నాన్న వీడియో కాల్‌లో చూపించాడు. ఒక ఎల్బో దగ్గర పైపుకి సొల్యూషన్ పూయనే లేదు. ఉత్తగా దూర్చి వదిలేశారు!

మీకు అనుమానం రావచ్చు, అతికించని పైపు ఎనిమిది నెలలు ఎలా ఆగింది అని. ఇక్కడే అసలు విషయం ఉంది. పైపు ఎల్బోలోకి బిగుతుగా దిగుతుంది. మన ఇళ్లలో మిద్దె మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్లకి ప్రెషర్ చాలా తక్కువ. పది మీటర్ల ఎత్తు ఉంటేనే సుమారు ఒక బార్ వస్తుంది, మన ఇంట్లో అయిదారు మీటర్లు కూడా ఉండదు. అంత చిన్న ప్రెషర్‌కి అతికించని జాయింటు కూడా బాగున్నట్టే నటిస్తుంది. నెలలు గడిచాక కొంచెం కొంచెం వదులవుతుంది. అదే టైల్స్ వేయకముందు చేతిపంపు పెట్టి అయిదారు బార్లు ఎక్కించి ఉంటే, చాలావరకు అప్పుడే ఊడొచ్చి నవ్వేది. టెస్ట్ ఎందుకంటే ఇందుకే. రేపు బయటపడే తప్పుని ఇవాళే బయట పెట్టడానికి.

ఎల్బో ఖరీదు పదుల్లో ఉంటుంది. నాకు ఖర్చయింది అరవై రెండు వేల రూపాయలు. అంటే ఎండలో నిలబడి సంపాదించిన ఒక నెల జీతం దాదాపు మొత్తం. పైగా ఆ రకం టైల్స్ మళ్లీ దొరకలేదు. మా బాత్‌రూమ్‌లో ఇప్పుడు మూడు గోడలు ఒక రంగు, ఒక గోడ ఇంకో రంగు.

లీకు ఎక్కడిదో ఎలా పట్టాలి?

శుక్రవారం వీడియోలు చూసేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఎప్పుడు తడుస్తోంది?" గోడ పగలగొట్టే ముందు మీరూ ఇంట్లోవాళ్లని ఇదే అడగండి.

రాత్రీ పగలూ, వాడినా వాడకపోయినా చెమ్మ ఒకేలా ఉంటే అది నీళ్లు వచ్చే పైపు లీకు కావచ్చు. స్నానాలు చేసిన తరవాతే చెమ్మ పెరిగి, ఇంట్లో ఎవరూ లేని రోజుల్లో ఆరుతుంటే నీళ్లు పోయే పైపు మీదో, బాత్‌రూమ్ నేల మీదో అనుమానం పెట్టుకోవాలి. వానాకాలంలోనే వస్తే మిద్దె మీదో, బయటి గోడ పగుళ్లలోనో చూడాలి.

ఖాయం చేసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. రాత్రి పడుకునే ముందు అన్ని కుళాయిలూ కట్టేసి, మోటారు వేయకుండా, ట్యాంకులో నీళ్ల మట్టం దగ్గర గుర్తు పెట్టండి. తెల్లారి చూడండి. మట్టం దిగితే ఎక్కడో నీళ్లు పోతున్నట్టే. ఫ్లష్ ట్యాంకు కారుతోందేమో కూడా చూసుకోండి, అందులో కొంచెం రంగు కలిపి అరగంట ఆగితే కమోడ్‌లోకి రంగు దిగుతుందో లేదో తెలిసిపోతుంది.

చిన్న కారడమే కదా అని వదిలేయకండి. సెకనుకి ఒక చుక్క చొప్పున రోజుకి 86,400 చుక్కలు. చుక్క పావు మిల్లీలీటరు అనుకున్నా ఇరవై లీటర్లు దాటుతుంది. బోరు ఎండిపోయే మన ఊళ్లలో ఎండాకాలంలో అది తక్కువేం కాదు.

కువైట్ కుళాయి, ఊరి ట్యాంకు

సెలవుకి పోయేటప్పుడు ఇక్కడి నుంచి మెరిసే మిక్సర్లు, పెద్ద షవర్లు పెట్టెలో పెట్టుకుని పోయే అలవాటు మనవాళ్లకి ఉంది. మా గదిలో ఒకాయన బాగా ఖరీదైన షవర్ మోసుకుపోయి బిగించాడు. నీళ్లు ధారగా కాదు, చెమటలా వచ్చాయి! షవర్ తప్పు కాదు. ఇలాంటి చాలా మిక్సర్లకి కనీసం ఒక బార్ అన్నా కావాలి. ఊరి ట్యాంకు అందులో సగం కూడా ఇవ్వదు. కొనేముందు డబ్బా మీద కనీస ప్రెషర్ ఎంతో చూడండి. లేకపోతే ప్రెషర్ పంపు కూడా పెట్టించుకోవాలి. పంపు పెడితే పాత జాయింట్ల మీద భారం పెరుగుతుందని గుర్తుంచుకోండి.

ఇంకో సంగతి. మహబూలాలో ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నీళ్లు కాలిపోతాయి కదా. అందరూ హీటర్ స్విచ్ ఆపేసి, ఏసీ చల్లదనానికి హీటర్ ట్యాంకులో నిలవున్న నీళ్లని ఎర్ర గుర్తు వైపు నుంచి వాడుకుంటాం. బాగానే ఉంటుంది. కానీ చలికాలంలో మళ్లీ స్విచ్ వేసేటప్పుడు సేఫ్టీ వాల్వ్‌ని చూడటం మరవొద్దు. నీళ్లు వేడెక్కినప్పుడు దాని నుంచి నాలుగు చుక్కలు రావడం తప్పు కాదు, దాని పనే అది. కారుతోందని దానికి పుల్ల దూర్చి మూసినవాణ్ణి నేను చూశాను. అలా మూస్తే హీటర్ బాంబే. ఆగకుండా కారుతుంటే వాల్వ్ మార్పించాలి కానీ మూయకూడదు.

ఎవరూ ఉండని ఇంటికి తాళం వేసి వచ్చినవాళ్లకి ఇంకో బాధ. "ఇల్లు తెరిస్తే కంపు అన్నా, బొద్దింకలు!" అంటారు. నేల జాలీ కింద వంపులో నిలిచే కొన్ని నీళ్లే డ్రైనేజీ గాలిని ఆపే తలుపు. వాడకపోతే అవి ఆరిపోతాయి, తలుపు తెరుచుకుంటుంది. తాళం చెవి ఉన్న చుట్టాన్ని వారానికోసారి ఒక్కో జాలీలో రెండు చెంబుల నీళ్లు పోయమనండి చాలు.

వాల్వ్ ఎక్కడుంది?

2020 ఏప్రిల్ 6 నుంచి జులై 9 దాకా మహబూలాని మొత్తం మూసేశారు, జలీబ్ అల్ షుయూఖ్‌తో పాటు. ఆ రోజుల్లో మా సింకు కింద పైపు పగిలింది. మామూలు రోజుల్లో అయితే హారిస్‌కి చెబితే ఎవరినో ఒకరిని పంపిస్తాడు. అప్పుడు బయటి మనిషి లోపలికి రాలేడు. వాల్వ్ ఎక్కడుందో ఫ్లాట్‌లో ఒక్కడికీ తెలియదు, నాతో సహా! వెతికేసరికి వంటగదంతా మడుగు. పై అంతస్తులో ఉండే మనవాడు పాత పైపు ముక్క, వాషరు ఇస్తే వాటితోనే రెండు నెలలు నెట్టుకొచ్చాం. ఆ రోజు నుంచి ఏ ఇంట్లో అడుగుపెట్టినా మొదట వాల్వ్ ఎక్కడుందో చూసుకుంటాను. మీరూ ఇవాళే ఇంటికి ఫోన్ చేసి అమ్మనో, భార్యనో అడగండి: "మెయిన్ వాల్వ్ ఎక్కడుందో తెలుసా? తిప్పితే తిరుగుతోందా?"

ఫోన్‌లో ఇల్లు కట్టేవాళ్లకి...

ఇల్లు కట్టే ఆలోచనలో ఉన్న తమ్ముళ్లకి నేను శుక్రవారం శుక్రవారం చెప్పే మాటలివి:

* గోడలో పైపులు వేశాక, మూసే ముందు, ప్రతి గోడకీ టేపు పట్టి ఫొటోలు తీయించుకోండి. రేపు మేకు కొట్టాలన్నా, పగలగొట్టాలన్నా అవే దిక్కు.

* సొల్యూషన్ పూసి ఒకరోజు ఆరాక ప్రెషర్ టెస్ట్ చేయించండి. గేజ్ సాయంత్రం ఒక వీడియో, తెల్లారి ఒక వీడియో. ప్రెషర్ ఎంత ఎక్కించాలో పైపు కంపెనీ చెప్పిన దాన్నిబట్టే.

* బాత్‌రూమ్ నేలకి వాటర్ ప్రూఫింగ్ అయ్యాక రెండు రోజులు నీళ్లు నిలవగట్టి, కింది గదిలో స్లాబు చూడమనండి.

* టైల్స్ వేసేటప్పుడు మీటరుకి ఒక సెంటీమీటరు అన్నా వాలు ఉండాలి. ఒక బకెట్ నీళ్లు పోస్తే చీపురు లేకుండా జాలీ దగ్గరికి పోవాలి.

* ప్రతి బాత్‌రూమ్‌కీ చేతికి అందేలా విడిగా ఒక వాల్వ్.

* ప్రతి రకం టైల్స్‌లో ఒక పెట్టె అదనంగా కొని దాచండి. దీని విలువ నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

* ప్లంబర్‌కి ఇచ్చే ఆఖరి వాయిదా టెస్ట్ అయ్యాకే. ముహూర్తం దగ్గరపడిందని తొందరపడితే ముహూర్తాన్ని జరపండి, టెస్ట్‌ని కాదు.

ఇవేవీ పెద్ద ఖర్చు పనులు కావు. మూడు నాలుగు రోజుల ఓపిక, అంతే. మనం ఇక్కడ ఎవరికో కట్టే ఇళ్లకి ఆ ఓపిక పడుతున్నాం. మనింటి దగ్గరికి వచ్చేసరికి 'అక్కడ ఇంతేలే' అనుకుంటున్నాం.

పోయిన సెలవుకి ఇంటికి పోయినప్పుడు అమ్మ ఆ రంగు వేరే గోడ చూపించి, "ఇదీ బాగానే ఉందిలే నాయనా, ఎందుకు అట్లా చూస్తావు" అంది. అమ్మకి బాగానే ఉంది. నాకు మాత్రం ఆ గోడ చూసినప్పుడల్లా గేజ్ పక్కన నిలబడి నేనన్న "వేసేయ్ మామా" వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాట మీరు అనకండి.

- ఒక నిర్మాణ సూపర్‌వైజర్, మహబూలా (కువైట్)