పెరోల్ మీద బయటికొచ్చిన మాట

ఫలానా ఖైదీ పెరోల్ మీద విడుదలయ్యాడని పేపర్లో చదివినప్పుడు ఆ పెరోల్ ఎక్కడిదని ఎవరం ఆలోచించం. జైలు, బెయిలు, వారంటు సరసన అదీ ఒక ఇంగ్లీషు కోర్టు మాటనుకుని ముందుకు పోతాం. నిజానికి ఇంగ్లీషువాళ్లు దాన్ని ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నారు. ఫ్రెంచిలో పరోల్ అంటే మాట. యుద్ధంలో పట్టుబడ్డ అధికారి, పారిపోననీ మళ్లీ ఆయుధం పట్టననీ తన పరువు మీద మాట ఇస్తే, అతన్ని కొట్లో వెయ్యకుండా తిరగనిచ్చే ఆనవాయితీ యూరపు సైన్యాల్లో ఉండేది. ఆ ఇచ్చిన మాటే పరోల్. ఇంగ్లీషు ఆ ఒక్క అర్థాన్నీ పట్టుకొచ్చి, సైన్యం నుంచి జైలుకు మార్చి, తక్కినవాటిని ఫ్రాన్సులోనే వదిలేసింది. వదిలేసినవి తక్కువేం కాదు. నోరు తెరిచి పలకడం పరోల్. సభలో మాట్లాడే వంతు పరోల్; అధ్యక్షుడు ఎవరిని పిలిస్తే 'పరోల్' వారిది. బహువచనంలో వాడితే పాటకు రాసిన సాహిత్యం. ఊరికే చెప్పే కబుర్లూ అవే, చేతల్లోకి రాని మాటలూ అవే. పార్లమెంటు కూడా ఈ కుదురు నుంచి మొలిచిందే. దాని మూలం మాట్లాడడం అనే అర్థమున్న ఫ్రెంచి క్రియ.

ఈ జాబితా చూసి ఇంగ్లీషు పాఠకుడు బెదిరిపోవచ్చు గాని తెలుగు పాఠకుడికి ఇందులో వింతేమీ కనపడదు. మనమూ మాట ఇస్తాం, మాట తప్పుతాం, మాట జారతాం, ఒకరిచేత మాట పడతాం, పెద్దల మాట వింటాం. సినిమా మొదట్లో తెరమీద 'మాటలు' అని పడితే దాని కింద సంభాషణల రచయిత పేరుంటుంది. ఒక్క మాటకు ఇన్ని అర్థాలున్నాయని మనం ఎప్పుడూ తికమకపడలేదు. ఫ్రెంచివాళ్లూ పడరు. అక్కడ ఒకటిగా ఉన్నదాన్ని ఇంగ్లీషు వర్డ్, స్పీచ్, ప్రామిస్, లిరిక్స్ అని నాలుగు గదుల్లో సర్దుకుంది కాబట్టి, ప్రతిసారీ ఏ గది తలుపు తట్టాలో అనువాదకుడే తేల్చుకోవాలి. అయితే నూటికి తొంభైసార్లు ఆ తేల్చే పని వాక్యమే చేసిపెడుతుంది. ఇచ్చాడంటే ప్రమాణం, పాడాడంటే సాహిత్యం. అందుకే, నానార్థాలున్న మాట అనువాదానికి లొంగదని తరచూ చేసే ఫిర్యాదు నాకు అతిగా తోస్తుంది. చిక్కు వచ్చేది రెండే చోట్ల. రాసినవాడు ఆ మాటను పారిభాషిక పదంగా బిగించినప్పుడు ఒకటి, దాని అర్థాలన్నీ ఒక్కసారే మోగాలని కోరుకున్నప్పుడు ఇంకొకటి. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

ఫ్రెంచి మాట ఉత్తరాంధ్రకు మరీ పరాయిదీ కాదు. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగు శ్రీకాకుళం సర్కారును తక్కిన ఉత్తర సర్కారులతో కలిపి ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. 1757 జనవరిలో విజయనగరం పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలి కోట మీదికి వచ్చాడు. మరుసటి ఏడాది చివర్లో అదే విజయనగరం ఇంగ్లీషువాళ్లను పిలిపించుకుంది. చందుర్తి యుద్ధంతో ఫ్రెంచివాళ్ల ప్రాభవం ఇక్కడ ముగిసింది. ఆ అయిదారేళ్లూ తెలుగు, పారశీకం, ఫ్రెంచి, ఇంగ్లీషుల మధ్య కబురు మోసినవాళ్లు దుబాసీలు. బొబ్బిలి కథ చెప్పుకునేవాళ్లు బుస్సీ మీదకంటే నడుమనున్న అతని దివాను హైదర్ జంగు మీదే ఎక్కువ పళ్లు నూరతారు. అందులో చరిత్ర ఎంతో కథ ఎంతో గాని, నడిమివాడి మీద అనుమానం మాత్రం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. దుబాసీ మోసం చెయ్యాలంటే మాటకు నానార్థాలు అక్కర్లేదు, లంచం చాలు. నిజాయితీపరుడైన అనువాదకుడు కూడా దారి తప్పే చోటు వేరే ఉంది. దానికి మంచి సాక్ష్యం ఒక భాషాశాస్త్ర గ్రంథం.

స్విట్జర్లాండులోని జెనీవాలో ఫెర్డినాండ్ ద సొస్యూర్ 1907 నుంచి 1911 దాకా మూడు విడతలుగా సామాన్య భాషాశాస్త్రం మీద పాఠాలు చెప్పాడు. 1913లో ఆయన చనిపోయాక, సహచరులు బైయీ, సెషుయే విద్యార్థుల నోట్సులు కూర్చి 1916లో ఫ్రెంచిలో పుస్తకం తెచ్చారు. అందులో ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. ఫ్రెంచిలో ముతోఁ అంటే గొర్రె, దాని మాంసమూ ముతోఁయే. ఇంగ్లీషులో మందలో ఉన్నంతసేపు షీప్, వండి బల్ల మీద పెడితే మటన్. కాబట్టి ముతోఁ, షీప్ రెండూ ఒకే జంతువును చూపించినా వాటి విలువ ఒకటి కాదంటాడు సొస్యూర్. పక్కన ఇంకో మాట కూర్చుని వాటా అడుగుతుంటే, మొదటిది ఆ మేరకు తగ్గుతుంది. చిత్రమేమిటంటే ఆ మటన్ అసలు ముతోఁ వంశానిదే. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాట్లాడే దొరల ఇళ్లలోంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాటల్లో అదొకటి. అక్కణ్ణుంచి మన దేశానికి వచ్చేసరికి మళ్లీ పక్కకు జరిగింది. మన దుకాణంలో మటన్ అడిగితే ఎక్కువసార్లు తూచేది మేకమాంసమే. కోడి విషయంలో మాత్రం మనం ఫ్రెంచివాళ్ల దారే: పెరట్లో తిరిగేదీ కోడే, విస్తట్లో పడేదీ కోడే.

ఇంత వివరంగా చెప్పిన మనిషి పుస్తకం ఇంగ్లీషులోకి వెళ్లేసరికి, అదే రోగం దాని కీలక పదాలకు పట్టుకుంది. మనుషులందరికీ ఉన్న భాషాశక్తిని, దాని సమస్త రూపాలతో కలిపి, సొస్యూర్ లాంగాజ్ అన్నాడు. ఒక సమాజం ఉమ్మడిగా మనసులో ఉంచుకున్న నియమాల ఏర్పాటు లాంగ్. దాన్ని వాడుకుని ఒక మనిషి ఒక సందర్భంలో పలికేది పరోల్. ఫ్రెంచిలో ఈ మూడూ రోజువారీ మాటలే. ఇంగ్లీషుకు ఉన్నవి లాంగ్వేజ్, స్పీచ్. మూడింటిని రెండింట్లో సర్దాలి. 1959లో అమెరికాలో వేడ్ బాస్కిన్ లాంగ్‌ను లాంగ్వేజ్ అని, లాంగాజ్‌ను స్పీచ్ అని, పరోల్‌ను స్పీకింగ్ అని పెట్టాడు. 1983లో రాయ్ హారిస్ మళ్లీ అనువదించినప్పుడు పరోల్‌ను స్పీచ్ అన్నాడు; లాంగ్‌కు ఒకే మాట పెట్టుకోక సందర్భాన్ని బట్టి మార్చుకుంటూ పోయాడు. ఫలితం చూడండి: బాస్కిన్ పుస్తకంలో లాంగాజ్ అయిన స్పీచే హారిస్ పుస్తకంలో పరోల్ అయి కూర్చుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివే విద్యార్థి గతేమిటి? ఇంగ్లీషు భాషాశాస్త్రజ్ఞులు చాలామంది ఈ గొడవంతా వదిలేసి లాంగ్, పరోల్ అని ఫ్రెంచి మాటలే వాడుకుంటున్నారు. హారిస్ మంచి చదువరి, వాక్యాన్ని చూసి మాట ఎంచుకున్నాడు. కథో నవలో అయితే అది సరైన పద్ధతే. పారిభాషిక పదానికి మాత్రం అది పనికిరాదు. పరిభాష అన్నాక, కొంచెం కరుకుగా వినపడినా సరే, మొదటి పుటలో ఏ మాటో చివరి పుటలోనూ అదే ఉండాలి. ఆ ఒక్క విషయంలో నా ఓటు బాస్కిన్‌కే.

దీనికి జవాబు సొస్యూరే ఇచ్చాడని ఎవరైనా అనవచ్చు. జర్మన్‌లో ఒకే మాట లాంగ్‌కూ లాంగాజ్‌కూ సరిపోతుందనీ, లాటిన్‌లో పంపకం ఇంకో రకంగా ఉందనీ, అందుచేత తను నిర్వచించేది వస్తువులను గాని మాటలను కాదనీ ఆయన పుస్తకంలోనే ఉంది. వస్తువు స్పష్టంగా ఉంటే పేరేదైనా ఒకటే కదా అని ఈ వాదన. గురువు ముందు కూర్చుని విన్నవాళ్లకు అది సరిపోతుంది. పుస్తకం చదివేవాడికి వస్తువు చేరేది పేరు ద్వారానే. పేరు పేజీ పేజీకీ మారితే, వాడు వస్తువే మారిందనుకుంటాడు.

ఇదంతా తెలుగువాళ్లకెందుకు అంటే, సొస్యూర్ చాలావరకు మన దగ్గరికి వచ్చింది ఇంగ్లీషు చేతుల మీదుగా. ఇంగ్లీషు పడ్డ తిప్పలు మనకు అవసరం లేకపోయినా అంటుకున్నాయి. అసలు ఈ భేదం అర్థం చేసుకోవడానికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. సొస్యూర్ జెనీవాలో పాఠాలు చెబుతున్న ఆ ఏళ్లలోనే, శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం పోరు మొదలుపెట్టాడు. ఎదుటిపక్షం వాదన, వాడుక భాష గ్రామ్యమని, ఊరికో తీరుగా ఉంటుందని, దానికో కట్టుబాటు లేదని. సొస్యూర్ పదాల్లో చెప్పాలంటే వాళ్లకు వాడుకలో వినపడింది పరోల్ ఒక్కటే: ఎవడి నోటికొచ్చింది వాడు అనడం. గిడుగు దానిలో లాంగ్‌ను చూశాడు. చదువుకున్నవాళ్ల వాడుకకు నియమం ఉందనీ, పండితులు గొప్పగా చెప్పుకునే గ్రాంథికాన్ని పండితులే తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారనీ వాళ్ల రాతల్లోంచే ఎత్తి చూపించాడు. మనుషులు తప్పకుండా పాటించేది ఏదో అదే నియమం అన్నది ఆయన పట్టు. అది ఆయనకు గాలిలోంచి రాలేదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, అప్పటికి లిపి గాని పుస్తకం గాని లేని సవర భాషను సవరల నోటినుంచే నేర్చుకున్నాడు. ఆ శ్రమ ఫలితమే 1931లో వచ్చిన వ్యాకరణం, 1938లో వచ్చిన సవర–ఇంగ్లీషు నిఘంటువు. రాత లేని భాషకు నియమం వెతకాలంటే మాటలోనే వెతకాలి, మరో చోటు లేదు. కాబట్టి పరోల్‌ను మాట్లాడడం అనీ, వ్యావహారికోద్యమాన్ని మాట్లాడినట్టు రాయడమనీ తేల్చేస్తే గిడుగును ఆయన ప్రత్యర్థుల కళ్లతో చూసినట్టే. ఆయన శిష్టుల వాడుకే ప్రమాణమన్నాడనీ, తన సొంత జిల్లా పల్లెల యాసకు అందులో చోటు దక్కలేదనీ ఆక్షేపించేవాళ్లున్నారు. ఆ ఆక్షేపణలో బలం ఉంది. కానీ అది కూడా ఎవరి లాంగ్ ప్రమాణం కావాలన్న తగువే. యాసకూ నియమం ఉంది.

మరి పరోల్‌కు తెలుగులో మాట అని పెట్టేస్తే పని తీరుతుందా? తీరదు, ఒప్పుకోవాల్సిందే. వాక్యంలోని పదానికి ఫ్రెంచిలో మో అనే వేరే మాట ఉంది. తెలుగు మాట దానికీ, పరోల్‌కూ కలిపి గొడుగు పడుతుంది. అంటే ముతోఁ, షీపుల కథే ఇక్కడ తిరగబడింది. శాస్త్రగ్రంథంలో మాట అంటే పలికిందా, పదమా అని పాఠకుడు ఆగిపోతాడు. అక్కడ వాక్కు అనో పలుకు అనో ఒకటి ఎంచుకుని, మొదటే అర్థం చెప్పి, కడదాకా దాన్నే పట్టుకోవడం మేలు. సంస్కృత పదమా దేశి పదమా అన్న పేచీ దీని తర్వాతది.

అర్థాలన్నీ ఒక్కసారే మోగాలనే రెండో రకం చిక్కుకు ఈ మందు పనిచెయ్యదు. ఝాక్ ప్రెవేర్ 1946లో తన కవితల పుస్తకానికి 'పరోల్' అని బహువచనంలో పేరు పెట్టాడు. కబుర్లు, పాటలు, ప్రమాణాలు, వీధిలో వినపడే మాటలు అన్నీ ఆ పేరులో ఉన్నాయి. అమెరికన్ కవి లారెన్స్ ఫెర్లింగెట్టి 1958లో అందులోంచి కొన్ని కవితలు ఇంగ్లీషులో వేసినప్పుడు లోపలి కవితలన్నీ మార్చాడు గాని పేరును మాత్రం ఫ్రెంచిలోనే ఉంచేశాడు. ఓడిపోయాడని కొందరంటారు గాని, నాలుగు గదుల్లో ఏ ఒక్కటి ఎంచుకున్నా మూడు పోతాయని తెలిసినవాడి లెక్క అది. తెలుగులో ఆ పుస్తకం వేస్తే అట్ట మీద 'మాటలు' అని రాస్తే చాలు. దుకాణంలో ఎవరైనా సినిమా సంభాషణల పుస్తకమనుకుంటే అనుకోనివ్వండి. ప్రెవేర్ దర్శకుడు మార్సెల్ కార్నే సినిమాలకు మాటలు రాసినవాడే, పాటలూ రాసినవాడే.