ఇంకెంత మిగిలినది? — స్క్రోల్‌బారు పుట్టుపూర్వోత్తరములు

చదువరి మనస్సులో, తెలిసియు తెలియకయు, రెండు ప్రశ్నలు ఎల్లప్పుడును మెదలుచుండును. ఎంతవరకు వచ్చితిని? ఇంకెంత మిగిలినది? గ్రంథము చేతిలో నున్నంత కాలము ఈ ప్రశ్నలను పైకి అడుగవలసిన అవసరము ఎవరికిని కలుగలేదు. ఎడమచేతి క్రింద పేరుకొనిన పుటలు మొదటిదానికి సమాధానము. కుడిచేతిలో మిగిలిన పుటలు రెండవదానికి సమాధానము. తాళపత్రముల కాలమునను ఇంతే. సూత్రమునకు గ్రుచ్చిన ఆకులలో చదివినవి ఒక ప్రక్కకును, చదువవలసినవి మరియొక ప్రక్కకును చేరుచుండెడివి. నవల చదువుచున్న విద్యార్థి చివర పది పుటలే మిగిలినవని చేతి స్పర్శవలననే గ్రహించి, కథలోని ముడి విడివడు ఘట్టము సమీపించినదని ఊహించుకొనును. పుస్తకము తన పొడవును తానే చెప్పుకొనును.

కంప్యూటరు తెరకు ఈ గుణము లేదు. మూడు పంక్తుల లేఖయైనను, మూడువందల పుటల నవలయైనను తెరకు పట్టినంత మేరయే కంటికి కనబడును. మిగిలినది ఉన్నదో లేదో, ఉన్నచో ఎంత ఉన్నదో తెర చెప్పజాలదు. ఈ లోపమును పూరించుటకు ఏర్పడిన సాధనమే తెర అంచున నిలువుగా నిలిచిన సన్నని పట్టీ. దాని పేరు స్క్రోల్‌బారు. అర్ధశతాబ్దములో అది పుట్టి, పెరిగి, చిక్కి, ఇప్పుడు కనబడీ కనబడని స్థితికి వచ్చినది. ఈ మార్పులు యంత్రములు చేయువారికి మాత్రమే సంబంధించినవని తలపరాదు. చదువు చెప్పువారికిని, చదువుకొనువారికిని వీనితో సంబంధము కలదు.

పటము చెప్పిన లెక్క

ఆంగ్లమున స్క్రోల్ అనగా చుట్టగా చుట్టిన వ్రాత. తెలుగునాట ఇట్టి చుట్టలకు కొదువ లేదు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డమీద వ్రాసిన పటములను కథకులు ఊరూరను విప్పి, ఒక్కొక్క బొమ్మను చూపుచు కులపురాణములను పాడెడివారు. పటము విప్పుకొలదిని విప్పని చుట్ట సన్నగిల్లుచుండును. శ్రోత ఆ చుట్ట లావును చూచియే, కథ నడుమనున్నదో, మంగళము దగ్గరపడినదో తెలిసికొనగలడు.

ఖమ్మము దాటి భద్రాచలపు అడవి అంచులకు పోయినచో, కోయల ఇలవేల్పు కొలుపులలో పడిగె కనబడును. అది బొమ్మలతో నిండిన త్రికోణాకారపు గుడ్డ. కోయలకు గాయకులైన డోలీలు దాని ఎదుట ఆయా గోత్రముల పూర్వుల కథలను గానము చేయుదురు. బొమ్మలన్నియు కన్నుల ఎదుటనే యుండుటచే, కథ మొత్తము ఎంతయో, పాట ఏ బొమ్మకడకు వచ్చినదో వినువారికి ఒక్క చూపులో తెలియును. భద్రాద్రి కొత్తగూడెము జిల్లా మణుగూరు మండలములోని కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్య ఇట్టి పూర్వగాథలను కోయ, తెలుగు భాషలు రెండింటను పాడిన గాయకుడు. ఆయన 2022లో పద్మశ్రీ పురస్కారము నందుకొని, 2024లో కీర్తిశేషుడయ్యెను. అట్టి గాయకుడు దాటిపోయినపుడు మిగిలిన కథ ఎంతయో చెప్పుటకు పడిగెమీది బొమ్మలే దిక్కు.

చుట్టకు లావు కలదు, పడిగెకు వైశాల్యము కలదు, పుస్తకమునకు మందము కలదు. ఈ మూడింటికిని బదులుగా కంప్యూటరు ఒక గీతను కల్పించుకొనవలసి వచ్చినది.

పట్టీ పుట్టుక

తొలినాటి కంప్యూటరు తెరలు పలువాటిపై పంక్తులు క్రిందినుండి పైకి జరిగిపోయి, పై అంచు దాటిన తరువాత మరల కనబడకుండెడివి. వెనుకకు పోయి చదువుటకు తగిన ఉపాయము కావలసి వచ్చినది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి పాలో ఆల్టోలో జిరాక్స్ సంస్థ పరిశోధనాలయము ఉండెడిది. అక్కడ 1973లో ఆల్టో అను కంప్యూటరు సిద్ధమైనది. మౌస్‌తో తెరమీది గుర్తును కదలించుట, తెరను కిటికీలుగా విభజించుట ఆ పరిశోధనాలయమున మెరుగుపడిన పద్ధతులు. అచ్చటనే అలన్ కే బృందము రూపొందించిన స్మాల్‌టాక్ విధానములో, మౌస్ గుర్తు కిటికీలోనికి ప్రవేశింపగానే ఎడమప్రక్క ఒక పట్టీ పైకి వచ్చెడిది. గుర్తు వెడలిపోగానే అదియు మరుగయ్యెడిది. పట్టీలోని బూడిదరంగు ముక్క, మొత్తము వ్రాతలో కనబడుచున్న భాగమెంతయో తన పొడవుచేత సూచించెడిది. నేడు నూతనమని చెప్పుకొను మరుగుపడు పట్టీ నిజమునకు పాతదే యని దీనివలన తెలియును.

జిరాక్స్ సంస్థ 1981లో స్టార్ అను యంత్రమును, ఆపిల్ సంస్థ 1983లో లీసాను, 1984లో మకింటాష్‌ను విపణిలోనికి తెచ్చినవి. మకింటాష్‌తో స్క్రోల్‌బారు రూపము స్థిరపడినదని చెప్పవచ్చును. కిటికీ కుడి అంచున నిలువుగా ఒక గాడి. దాని పైకొనను, క్రిందికొనను బాణపు గుర్తులు. గాడిలో జారెడు ఒక బిళ్ళ. బాణమును నొక్కినచో వ్రాత ఒక్కొక్క పంక్తి జరుగును. గాడిని నొక్కినచో ఒక తెర మేర జరుగును. బిళ్ళను పట్టి లాగినచో కోరిన చోటికి ఒక్కసారిగా పోవచ్చును. నడక, పరుగు, దూకుడు అను మూడును ఒకే పట్టీలో ఇమిడినవి. 1985లో వచ్చిన తొలి విండోస్ కూడ ఇట్టి పట్టీనే అనుసరించినది.

ఐతే అందొక కొరత నిలిచిపోయినది. మకింటాష్ బిళ్ళ పరిమాణము ఎన్నడును మారెడిది కాదు. పది పుటల పాఠమునకును, వేయి పుటల గ్రంథమునకును అదే బిళ్ళ. ఎంతవరకు వచ్చితిని అను ప్రశ్నకు అది బదులు చెప్పినదే గాని, ఇంకెంత మిగిలినది అను ప్రశ్నకు బదులు చెప్పలేదు. 1988లో వెలువడిన నెక్స్ట్ కంప్యూటరు ఈ కొరతను తీర్చినది. అందు బిళ్ళ పొడవు వ్రాత పొడవును బట్టి మారును. పట్టీని కిటికీ ఎడమప్రక్క నుంచి, బాణములు రెండింటిని ఒకే చోట చేర్చిరి. పైకి పోయి మరల క్రిందికి వచ్చు శ్రమ చేతికి తగ్గినది. 1995లో విండోస్ 95, 1998లో మకింటాష్ 8.5 విధానము ఈ మారెడు బిళ్ళను స్వీకరించినవి.

ఇందలి లెక్క సులభము. నాలుగువందల పంక్తుల వ్యాసములో తెర నలువది పంక్తులను చూపుచున్నచో, బిళ్ళ గాడిలో పదవ వంతు ఉండవలెను. వ్యాసము నాలుగువేల పంక్తులైనచో నూరవ వంతు ఉండవలెను. అంతకంతకు చిన్నదైనచో వ్రేలికి, మౌస్‌కు చిక్కదు గనుక, ఒక హద్దునకు తక్కువ కాకుండ దానిని నిలుపుదురు. నిష్పత్తి పాఠము చెప్పు గణితోపాధ్యాయునికి ఇంతకంటె చేరువైన ఉదాహరణము దొరకుట అరుదు.

చేయి విడిచిన పిడి

మైక్రోసాఫ్ట్ సంస్థ 1996లో నడుమ చక్రము గల మౌస్‌ను తెచ్చినది. చక్రమును త్రిప్పినంతనే వ్రాత జరుగుచుండగా, అంచుదాక పోయి పట్టీని పట్టుకొనవలసిన పని తగ్గినది. 2007లో ఐఫోన్‌తో ఆ పని పూర్తిగా తప్పినది. వ్రేలితో వ్రాతనే నేరుగా త్రోయవచ్చును. చేతిలో ఇముడు తెరపై ప్రతి పంక్తి మేరయు విలువైనదగుటచే, పట్టీ సన్నని గీతగా మారి, వ్రాత కదలుచున్నంతసేపు మాత్రమే కనబడి, ఆగగానే మరుగైనది.

2011లో ఆపిల్ సంస్థ లయన్ అను విధానముతో ఈ అలవాటును పెద్ద కంప్యూటర్లకును తెచ్చినది. బాణములు పోయినవి, పట్టీ మరుగైనది, జరుగు దిక్కు కూడ తలక్రిందులైనది. ఈ దిక్కు సంగతి కొంత వివరింపదగినది. పాపికొండల నడుమ లాంచీలో పోవువారికి కొండలు వెనుకకు నడచుచున్నట్లు తోచును. గట్టున నిలిచిన వారికి లాంచీయే ముందుకు పోవుచున్నది. పాత పద్ధతిలో పాఠకుడు తెరయను లాంచీని నడుపుచున్నట్లు భావన. బిళ్ళను క్రిందికి లాగినచో చూపు క్రిందికి పోవును, వ్రాత పైకి పోవును. వ్రేలి పద్ధతిలో పాఠకుడు కొండనే త్రోయుచున్నాడు; వ్రేలు పైకి పోయినచో వ్రాతయు దానితో పైకి పోవును. రెండును సత్యములే. కాని ఒకదానికి అలవడిన చేయి రెండవదానికి లొంగుటకు కొంతకాలము పట్టినది. 2021లో వచ్చిన విండోస్ 11లో పట్టీ పలుచోట్ల వెంట్రుకవంటి గీతగా మారి, మౌస్ సమీపించినపుడు మాత్రమే లావగుచున్నది.

ఇందు యంత్రకారుల తర్కము స్పష్టము. పట్టీ పిడివంటిది, పిడిని పట్టుకొను చేయి లేనపుడు పిడి యెందులకు? తర్కము సరియైనదే గాని, దాని పునాది సగమే నిజము. స్క్రోల్‌బారు పిడి మాత్రమే కాక కొలమానము కూడ.

కొలమానమునకు పిడి యుండదు

భద్రాచలము కడ గోదావరి నీటిమట్టము నలువది మూడు అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికను, నలువది యెనిమిది అడుగులకు రెండవదానిని, యేబది మూడు అడుగులకు మూడవదానిని ప్రకటింతురు. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. ఆ అడుగుల గుర్తులను పట్టి లాగి నదిని దింపినవారు ఎవరును లేరు. ఐనను వరదరోజులలో లోతట్టు గ్రామములవారు ప్రతి గంటకును అడుగునది ఆ అంకెనే. సామాను కట్టుకొనవలెనా, పశువులను మెరకకు తోలవలెనా, ఇంకొక రాత్రి ఇంట నుండవచ్చునా అను నిర్ణయములన్నియు దానిమీదనే ఆధారపడును. చేతికి పనికిరాని దానివలన బుద్ధికి ఎంత ప్రయోజనము కలుగునో ఇచ్చట బోధపడును.

స్క్రోల్‌బారు విషయమునను ఇంతే. చేతికి దానితో పని తీరినది, బుద్ధికి తీరలేదు. దానిని మరుగుపరచినపుడు రెండు చిక్కులు కలుగును. మొదటిది, తెర అడుగు అంచున పేరా ముగిసినచో వ్రాతయే ముగిసినదని భ్రమ పుట్టుట. దరఖాస్తులోని నిబంధనలు అడుగున మిగిలియుండగనే, పైభాగమును చూచి సమ్మతించుటకు అవకాశము కలదు. రెండవది, పొడవు తెలియక ఓపికను పంచుకొనలేకపోవుట. ఐదు నిమిషముల పాఠమని మొదలిడినది అరగంట పట్టినచో నడుమ విసుగు పుట్టుట సహజము.

అంతము లేని పుట వచ్చినపుడు కొలమానమే అసత్యము పలుకును. 2006లో ఆజా రాస్కిన్ అను రూపకర్త, పుట అడుగునకు చేరకముందే క్రొత్త విషయము తనంతట తాను చేరు పద్ధతిని కల్పించెను. అట్టి పుటలో బిళ్ళ అడుగునకు చేరబోవుచుండగనే చిన్నదై పైకి ఎగిరిపోవును. ఒడ్డు దగ్గరపడిన కొలది వెనుకకు జరుగు నదివంటిదది. ఈ పద్ధతి మనుష్యుల కాలమును హరించుచున్నదని రాస్కిన్ తరువాతి కాలమున బహిరంగముగా విచారము వెలిబుచ్చెను. ఆపుటకు తగిన చోటు చూపుట కూడ అంతమునకు గల ఒక గుణము.

ఉపాధ్యాయుని చేతిలోని ఉపాయము

నగర విద్యార్థి ముందు పుస్తకమును, తరువాత తెరను ఎరుగును. అతడు తెరమీద చదువుచున్నను, పుస్తకపు మందము అతని మనస్సులో నిలిచియుండును. అడవి అంచుల గూడెములలో ఇంట కోయభాష మాట్లాడుచు, బడిలో తెలుగు చదువు నేర్చి, ఇంటిలో మొదటి చదువరియైన పిల్లవాని సంగతి వేరు. అతనికి బడి పుస్తకములు తప్ప తక్కిన చదువంతయు ఇంటిల్లిపాదికి గల ఒక్క ఫోను తెరమీదనే దొరకవచ్చును. గ్రంథమునకు ఆదిమధ్యాంతములు కలవనియు, రచయిత విషయమును ఆ కొలతలో పంచి పెట్టుననియు అతడు ఎట్లు గ్రహించును? ఏ వాక్యము ఉపోద్ఘాతము, ఏది సారాంశము అను వివేకము, ఆ వాక్యము ఎచ్చటనున్నదో తెలిసిననాడు గాని కలుగదు. కొలత తెలియని చదువు తునకలుగా మిగిలిపోవును.

దీనికి గొప్ప యంత్రసామగ్రి అవసరము లేదు. స్క్రోల్‌బారును ఎల్లప్పుడును కనబడునట్లు నిలుపుటకు విండోస్, మకింటాష్ రెండింటి అమరికలలోను వీలు కలదు. పాఠశాల కంప్యూటరు గదిలో అది ఒక్క నిమిషపు పని. ఫోనునకు పాఠము పంపు ఉపాధ్యాయుడు ఇది పన్నెండు పుటలని మొదటనే చెప్పి, పుట పుటకును అంకె వేయవచ్చును. చదువ మొదలిడుటకు ముందు ఒకసారి చివరివరకు జరిపి చూచి రమ్మని విద్యార్థికి అలవాటు చేయవచ్చును. పూర్వము క్రొత్త పుస్తకము చేతికి రాగానే పిల్లలు చివరి పుట త్రిప్పి చూచెడివారు. పెద్దలు దానిని తొందరపాటని కోప్పడినను, అది కొలత తీసికొనుటయే.

రేపు ఎట్టి యంత్రములు వచ్చునో, చక్రము పోయి, వ్రేలు పోయి, చూపుతోనే వ్రాతను జరుపుదుమో తెలియదు. పిడి ఎన్ని రూపములైన ధరింపనిండు. చదువరి మాత్రము ఎంతవరకు వచ్చితిని, ఇంకెంత మిగిలినది అని అడుగుట మానడు. ఆ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పగల గీత ఒకటి తెర అంచున నిలిచియున్నచో చాలును.